పాలరోగం పురుగు ఒంట్లోకి ఎలా దూరుతుంది? మనం ఎక్కడ ఆపగలం?



ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే కథ. నాలుగో జ్వరం లేచి మూడు నాలుగు రోజులై ఉంటుంది. ఆకు కోయడానికి, మేపడానికి మనిషికి ఊపిరాడని రోజులు. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. స్టాండు అంచు పట్టుకుని పాకుతున్న పురుగు. కణుపుల మధ్య ఉబ్బి, చర్మం నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. కాలు తెగితే తెల్లటి పాలు. ఫొటో కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఏం మందు కొట్టాలి?"

మేము ఇచ్చే జవాబు చాలామందికి నచ్చదు. "జబ్బు పడ్డ పురుగుకు మందు లేదు. ఏరి తీసేయండి, మిగతావాటిని కాపాడుకోండి." పురుగు తన బతుకు మొత్తంలో తినే ఆకులో 80 శాతం పైగా ఈ ఐదో దశలోనే తింటుంది. అంటే ఆకు, కూలి, కరెంటు అన్నీ పెట్టేశాక చెబుతున్న మాట ఇది. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఆ కోపంలో ఉన్నప్పుడే సీసా అమ్మేవాడు ఎదురవుతాడు. మా జట్టులో ఒకరి షెడ్డులోనే ఇది జరిగింది. సీసా మీద 'నానో' అని పెద్ద అక్షరాలు. "రేణువులు ఎంత సన్నం అంటే, పురుగు కణాల్లోకి నేరుగా దూరి వైరస్‌ను చంపేస్తాయి" అన్నాడు అమ్మినాయన. ఆకు మీద కొట్టి మేపాం. నాలుగు రోజుల్లో సగం పడక ఖాళీ అయింది. నేరమంతా ఆ సీసాదేనని మేము అనడం లేదు. అసలు తప్పు అంతకు నెల ముందే మా చేతుల్లో జరిగింది. అదేమిటో చివర్లో చెబుతాం.

అప్పటి నుంచి మాకు ఒక ప్రశ్న పట్టుకుంది. సన్నగా ఉంటే చాలా, కణంలోకి దూరిపోవచ్చా? మరి వైరస్ ఎలా దూరుతోంది? వాడికి తెలిసిన దారి మందుకు ఎందుకు తెలియదు?

ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేసే చోటు మనకు దూరమేమీ కాదు. హిందూపురం వైపు నుంచి గూళ్లు వేసుకుని రామనగర మార్కెట్‌కు పోయే టెంపో యలహంక దాటి హెబ్బాళ వైపు బళ్లారి రోడ్డు మీద వస్తుంది. అక్కడే జీకేవీకే, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం. కృషి మేళాకు వెళ్లినవాళ్లందరికీ తెలిసిన చోటే. ఆ ఆవరణలోనే ఎన్‌సీబీఎస్ ఉంది, అంటే నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్. బయటి వస్తువు కణం గోడ దాటి లోపలికి ఎలా పోతుందన్నది అక్కడ పెద్ద పరిశోధన. దాన్ని మన షెడ్డు భాషలో చెప్పుకుందాం.

*కణం చుట్టూ కొవ్వు గోడ*

ముందు ఒక మాట తేల్చుకుందాం. తెలుగులో సెల్‌నూ కణం అంటాం, సన్న పొడినీ కణం అంటాం. ఇక్కడ కణం అంటే జీవకణమే. సన్న పొడిని రేణువు అందాం.

పట్టుపురుగు ఒళ్లంతా కణాలే. పేగు గోడ కణాలే, పట్టు గ్రంథి కణాలే. ప్రతి కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. గూటి నుంచి తీసే పట్టుపోగు మందం 20 మైక్రాన్లకు అటూఇటూగా ఉంటుంది. ఆ ఒక్క పోగు మందంలో ఇలాంటి పొరలు నాలుగు వేలు పేర్చవచ్చు.

ఈ పొర కట్టుబడి అర్థం కావాలంటే రెండు వరుసల పశువుల కొట్టాన్ని తలుచుకోండి. అటు వరుస తలలు అటు గాడి వైపు, ఇటు వరుస తలలు ఇటు గాడి వైపు. తోకలన్నీ నడిమికి. కొవ్వు అణువు కూడా అంతే. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నీళ్లు పడవు. కణం బయటా నీళ్లే, లోపలా నీళ్లే. అందుకే తలలు రెండు పక్కలా నీళ్ల వైపు తిరుగుతాయి, తోకలు మధ్యలో దాక్కుంటాయి.

ఇది ఊహ కాదు. 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల్లోని కొవ్వును తీసి నీళ్ల మీద ఒకే వరుసగా పరిచారు. అది కణాల పైభాగం వైశాల్యానికి రెండింతలు వచ్చింది. రెండు వరుసలున్నాయని అలా తేలింది. 1972లో సింగర్, నికల్సన్ ఇంకో సంగతి చెప్పారు. ఈ పొర గట్టి గోడ కాదు. చారు మీది తాలింపు నూనెలా కదులుతూ ఉంటుంది. అందులో ప్రోటీన్లు తేలుతుంటాయి.

*చిన్నగా ఉంటే చాలదు*

ఇప్పుడు సీసా మాట పరీక్షించుకుందాం.

ఆక్సిజన్ ఈ కొవ్వు పొరలో నుంచి ఏ అడ్డూ లేకుండా దూరిపోతుంది. బొగ్గుపులుసు వాయువూ అంతే. ఉప్పులోని సోడియం సంగతి చూడండి. అయాన్‌గా అది ఆక్సిజన్ అణువు కంటే చిన్నదే. అయినా దాటలేదు. ఎందుకంటే దానికి విద్యుదావేశం ఉంది, చుట్టూ నీళ్లను అంటిపెట్టుకుని ఉంటుంది. నడిమి తోకల మధ్యకు నీళ్లతో వచ్చేవాళ్లకు దారి లేదు. సోడియం పోవాలంటే ప్రోటీన్లతో చేసిన ప్రత్యేక గేటు తెరవాలి. చక్కెరకూ అంతే, దాని గేటు దానికుంది.

అంటే పరిమాణం ఒక్కటే చూసి దారి ఇవ్వడం కణం లెక్కలో లేదు. ఎవరికి ఏ గేటు అన్నది ముందే రాసి ఉంది.

ఇక పదుల నానోమీటర్ల రేణువు అంటే గోడ మందానికి పది, ఇరవై రెట్లు పెద్దది. అది ఊరి దిగే ప్రశ్నే లేదు. అంత పెద్దవి లోపలికి పోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

1. మింగించుకోవడం. కణమే తన పొరను లోపలికి గుంటలా వంచి, వస్తువును సంచిలో చుట్టి, ఆ సంచిని తెంపి లోపలికి తీసుకుంటుంది.

2. కలిసిపోవడం. వచ్చినవాడికీ కొవ్వు తొడుగు ఉంటే, ఆ తొడుగూ కణం పొరా రెండు నూనె బొట్లు ఒకటైనట్టు కలిసిపోతాయి. లోపలి సరుకు కణంలోకి జారుతుంది.

3. చిల్లు పొడవడం.

మన పురుగుల శత్రువులు ఈ మూడు దారులనూ వాడతాయి. పాలరోగం వైరస్ మొదటి రెండూ వాడుతుంది. మూడో దారి పెబ్రిన్‌దీ, బీటీ విషానిదీ.

*బళ్లారి రోడ్డు పక్కన తేలిన సంగతి*

కణం ఎలా మింగుతుందన్నది ఎన్‌సీబీఎస్‌లో సత్యజిత్ మేయర్ బృందం చాలా ఏళ్లుగా పనిచేసిన విషయం. ఆయన 1995లో అక్కడ చేరారు. 2012లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. 2013 నుంచి పదేళ్ల పాటు ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు.

1998లో ఆ బృందం ఒక విషయం చూపించింది. పొర మీద ఉండే ఒక రకం ప్రోటీన్లు ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా ఉండవు, చిన్న చిన్న గుంపులు కట్టి ఉంటాయి. తర్వాత 2002లో ఇంకోటి. ఈ ప్రోటీన్లు లోపలికి పోవడానికి అంతవరకూ అందరూ చెప్పుకునే రాజమార్గం కాకుండా వేరే దారి ఉంది. ఒక ఇంటికి వీధి గుమ్మం ఒక్కటే అనుకుంటే, పెరటి గుమ్మం కూడా బయటపడినట్టు.

కరోనా కాలంలో ఈ పాత పరిశోధన కొత్తగా పనికొచ్చింది. కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్ ముక్క ఈ పెరటి గుమ్మం గుండా కూడా కణంలోకి పోతోందని ఆ బృందం, బెంగళూరులోని తోటి శాస్త్రవేత్తలు కలిసి చూశారు. అది 2021లో ప్రచురితమైంది. అందులో మనకు పనికొచ్చే పాయింటు ఒకటుంది. కణం మింగిన సంచి లోపల కాసేపటికి పులుపెక్కుతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. లోపలికి పోయిన చాలా వైరస్‌లు సంచిలో నుంచి బయటపడటానికి ఆ పులుపునే సైగగా వాడుకుంటాయి. పులుపు ఎక్కకుండా ఆపితే వైరస్ సంచిలోనే చిక్కుకుంటుంది. నిక్లోసమైడ్ అనే పాత నులిపురుగుల మందు ల్యాబ్ కణాల్లో ఆ పని చేసింది.

ఇక్కడ ఆగండి. "అయితే ఆ మాత్ర నూరి ఆకు మీద చల్లుదామా?" అని ఎవరైనా అడగకముందే చెబుతున్నాం, వద్దు. అది పట్టుపురుగు మీద చేసిన పని కాదు, ల్యాబ్‌లో గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన పని. కణంలో పులుపును ఆపితే పురుగు సొంత పనులు కూడా ఆగుతాయి. మందుకు ఇక్కడే చిక్కు వస్తుంది.

*పాలరోగం వైరస్‌కు రెండు తాళాలు*

పాలరోగం, అంటే గ్రాసరీ, బీఎంఎన్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. ఇది కడ్డీ ఆకారంలో ఉంటుంది. మందం 50, పొడవు 300 నానోమీటర్ల దగ్గర. దీనికి కొవ్వు తొడుగు ఉంటుంది. కొవ్వు తొడుగున్న వైరస్‌లు బయట ఎక్కువ కాలం బతకలేవు, ఎండితే పాడవుతాయి, సబ్బు తగిలితే కరిగిపోతాయి. కరోనా కాలంలో సబ్బుతో చేతులు కడుక్కోమన్నది అందుకే.

అయితే ఈ వైరస్ ఒక ఉపాయం చేసింది. ఇలాంటి కడ్డీలను చాలావాటిని కలిపి గట్టి ప్రోటీన్ స్ఫటికంలో పొదిగి దాచుకుంటుంది. దాన్ని పాలీహెడ్రా అంటారు. సుమారు 3 మైక్రాన్లు ఉంటుంది. మైక్రోస్కోపు కింద మెరిసే గింజల్లా కనిపించేవి అవే. ఆ గింజ రాతి పెట్టె లాంటిది. ఎండినా, దుమ్ములో కలిసినా, లోపలి వైరస్ ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. సబ్బు ఆ పెట్టెను కరిగించలేదు. చేతి మీద నుంచి కడిగేస్తుంది అంతే. శానిటైజర్ రాసుకుని షెడ్డులోకి పోతే చాలు అనుకోవడం అందుకే పొరపాటు.

ఈ పెట్టెకు ఒక తాళం ఉంది. అది క్షారంలో తెరుచుకుంటుంది. క్షారం అంటే పులుపుకు ఎదురు గుణం, సున్నం గుణం. మన మట్టి పరీక్ష కార్డులో పీహెచ్ 7 దాటితే క్షారం అంటాం కదా, అదే. మల్బరీ ఆకు తినే పట్టుపురుగు పేగులో రసం పీహెచ్ 10కి దగ్గరగా ఉంటుంది. మన కడుపులో ఆమ్లం, దాని కడుపులో క్షారం.

కథ ఇలా నడుస్తుంది. ఆకు మీద పడ్డ గింజను పురుగు తింటుంది. పేగులోని క్షారంలో గింజ కొద్దిసేపట్లోనే కరిగిపోతుంది. లోపలి కడ్డీలు బయటికొస్తాయి. పేగు లోపలి గోడకు జల్లెడ లాంటి పల్చటి తెర ఉంటుంది, దాన్ని దాటి పేగు కణాలను చేరతాయి. అక్కడ వైరస్ కొవ్వు తొడుగు మీదున్న ప్రోటీన్లు కణం పొరను పట్టుకుంటాయి. రెండు కొవ్వులూ కలిసిపోతాయి. ఇది రెండో దారి. ఒక తాళం పోయింది.

పేగు కణంలో వైరస్ పిల్లలు పెట్టి, అవతలి పక్క నుంచి రక్తంలోకి దిగుతుంది. ఇప్పుడు వేషం మారుతుంది. పెట్టె లేదు, కణం నుంచి బయటికొస్తూ కణం పొర ముక్కనే కప్పుకుని వస్తుంది. అందులో జీపీ64 అనే ప్రోటీన్ ముళ్లలా పొడుచుకుని ఉంటుంది. కొవ్వు కణజాలం దగ్గర, శ్వాసనాళాల దగ్గర, ఎక్కడికి పోయినా ఆ కణాలు దాన్ని మింగేస్తాయి. ఇది మొదటి దారి. మింగిన సంచి పులుపెక్కుతుంది. ఆ పులుపు తగలగానే జీపీ64 ఆకారం మార్చుకుంటుంది, సంచి పొరతో వైరస్ పొరను కలిపేస్తుంది. వైరస్ బయటపడి కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకానికి పోతుంది. రెండో తాళమూ పోయింది.

గమనించారా? మొదటి తాళానికి క్షారం తాళంచెవి, రెండో తాళానికి ఆమ్లం తాళంచెవి. రెండు చెవులూ పురుగు ఒంట్లోనే ఉన్నాయి. వైరస్ తనతో తెచ్చుకోనక్కర్లేదు.

*లోపలికి పోయాక ఎవరి వల్లా కాదు*

కేంద్రకంలో చేరాక వైరస్ పురుగు కణం యంత్రాలతోనే తన పని చేయించుకుంటుంది. కణం నిండా కొత్త గింజలు తయారవుతాయి. కణం పగులుతుంది. ఆ గింజలు రక్తంలో కలిసి రక్తం తెల్లబడుతుంది. మనం చూసే పాలు అవే. పెద్ద పురుగు అయిదు నుంచి ఏడు రోజుల్లో చస్తుంది, చిన్న పురుగు ఇంకా ముందే.

అంటే రాత్రి పది గంటలకు మీరు ఫొటో తీసిన పురుగు, ఆ పాలు కనిపించడానికి కొన్ని రోజుల ముందే గింజ తినేసింది.

ఇప్పుడు 'నానో' సీసా సంగతి. రేణువును కణం మింగిందే అనుకుందాం. సంచిలో చిక్కుకుంటుంది. బయటపడటానికి దానికి జీపీ64 లాంటిది లేదు. సంచి పులుపెక్కి లోపలి సరుకు అరిగిపోతుంది, లేదా అక్కడే పడి ఉంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ కరోనా టీకాలు తయారుచేసినవాళ్లకు ఎదురైన పెద్ద అడ్డు ఇదే. పులుపు తగిలినప్పుడు గుణం మార్చుకునే ప్రత్యేక కొవ్వులను తయారుచేయడానికి ఏళ్లు పట్టింది. అంత చేసినా సంచి దాటి బయటపడే పాళ్లు కొద్దిగానే ఉంటాయి. ఒకవేళ మందు బయటపడినా, వైరస్ వాడుకునే యంత్రాలు పురుగువే కాబట్టి పురుగును వదిలి వైరస్‌ను మాత్రమే కొట్టడం ఇంకా కష్టం. ఇంత పని ఒక సీసా నీళ్లలో కలిపితే అయిపోతుందని ఎవరైనా చెబితే, పరీక్ష నివేదిక చూపించమని అడగండి. చెప్పినాయన సమాధానం బట్టి మీరే తేల్చుకోవచ్చు.

*చిల్లు పొడిచేవాళ్లు*

మూడో దారి గురించి రెండు ముక్కలు. పెబ్రిన్ బీజం లోపల చుట్ట చుట్టిన సన్నటి గొట్టం ఉంటుంది. పేగులో అది బాణంలా బయటికి దూసుకొచ్చి కణం గోడను పొడిచి, లోపలి సరుకును సూదిమందులా ఎక్కిస్తుంది. ఇది తల్లి నుంచి గుడ్డుకూ పోతుంది. 1865లో ఫ్రాన్స్ పట్టు రైతుల కోసం పనిచేయడం మొదలుపెట్టిన లూయీ పాశ్చర్, తల్లి చిలుకను మైక్రోస్కోపు కింద పరీక్షించి మంచి గుడ్లే ఉంచుకోమన్నది అందుకే. నేటికీ మన గుడ్డు కేంద్రాల్లో నడిచేది ఆ పరీక్షే.

బీటీ విషాన్ని మొదట గమనించింది కూడా పట్టుపురుగులోనే. 1901లో జపాన్‌లో ఇషివాతా చనిపోయిన పట్టుపురుగుల నుంచి ఆ బ్యాక్టీరియాను తీశారు. దాని స్ఫటికం కూడా పేగు క్షారంలో కరుగుతుంది. తర్వాత పేగు కణాల పొరలో దిగి చిల్లులు చేస్తుంది. పక్క చేలో బీటీ పిచికారీ చేసే రోజున మన మల్బరీ వైపు గాలి వీస్తోందేమో చూసుకోవాలి.

*తాళంచెవి మన చేతిలో ఉంది*

ఇప్పుడు అసలు మాట. గింజ పెట్టె క్షారంలో తెరుచుకుంటుంది. సున్నం నీళ్లు క్షారమే. తేరిన సున్నం నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది, పురుగు పేగు కంటే ఎక్కువ. అంటే పురుగు కడుపులో తెరుచుకోవాల్సిన పెట్టెను ఖాళీ షెడ్డులో, పురుగులు రాకముందే మనం తెరిచేయగలం. పెట్టె కరిగిన వైరస్ వట్టి కొవ్వు తొడుగుతో మిగులుతుంది. దానికి దూరడానికి కణం లేదు. పక్కనే బ్లీచింగ్ క్లోరిన్ ఉంటే దాని పని అయిపోతుంది.

రెండు శాతం బ్లీచింగ్ పౌడర్‌ను 0.3 శాతం సున్నం నీళ్లలో కలపమని పట్టు శాఖవాళ్లు చెప్పడం వెనుక ఇంత కథ ఉంది. క్లోరిన్ డయాక్సైడ్ వాడేవాళ్లకు 0.5 శాతం సున్నం నీళ్లలో కలపమని చెప్పేదీ అందుకే. సున్నం తెల్లదనం కోసం కాదు.

మేము చేసిన తప్పులు ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ బ్యాచ్ ముందు మూడు జరిగాయి. ఒకటి, పాత బ్యాచ్ అయిపోగానే ముందు చీపురు పట్టి ఊడ్చేశాం, తర్వాత మందు కొట్టాం. ఊడ్చినప్పుడు లేచిన దుమ్ములో గింజలు పైకప్పు దాకా పోయాయి. రెండు, బ్లీచింగ్ మూట మూతి తెరిచి నెలలుగా ఉంచాం. ఘాటు పోయింది, అంటే క్లోరిన్ పోయింది. మూడు, సున్నం ఆరుబయట పోసిన పాత కుప్పలోది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి సున్నం సుద్దగా మారుతుంది. చూడ్డానికి తెల్లగానే ఉంటుంది, క్షారం ఉండదు. మేము కొట్టింది సుద్ద నీళ్లు. తాళంచెవి లేకుండా తలుపు ముందు నిలబడ్డాం.

*వచ్చే బ్యాచ్‌కు*

1. పాత బ్యాచ్ అయిపోగానే ముందు మందు కొట్టండి, తర్వాతే ఊడ్చి కడగండి. కొత్త పురుగులు తెచ్చే మూడు నాలుగు రోజుల ముందు రెండోసారి కొట్టండి.

2. వంద లీటర్ల నీళ్లకు 300 గ్రాముల తాజా సున్నం, 2 కిలోల బ్లీచింగ్ పౌడర్. ముందు సున్నం కలపండి. బ్లీచింగ్‌ను కొద్ది నీళ్లలో ముద్ద చేసి అందులో పోసి బాగా కలపండి. కాసేపు తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి అదే రోజు వాడేయండి.

3. బ్లీచింగ్ పౌడర్ 30 శాతం క్లోరిన్ ఉన్నదే కొనండి. మూట మూతి గట్టిగా కట్టి నీడలో పెట్టండి. సున్నం కూడా గాలి తగలని సంచిలోనే.

4. నేల, గోడలు, స్టాండ్లు, చంద్రికలు కారేలా తడవాలి. పైపైన చల్లితే గింజ దాకా పోదు. ఇనుప సామాను తుప్పు పడుతుంది, తర్వాత కడిగేయండి.

5. ముఖానికి గుడ్డ, కంటికి అద్దాలు, చేతికి గ్లవుజులు లేకుండా కొట్టొద్దు. ఫార్మలిన్‌తో గానీ ఆమ్లంతో గానీ బ్లీచింగ్‌ను కలపొద్దు.

6. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పడక మీద సున్నం పొడి పల్చగా చల్లి ఆరనివ్వండి. జ్వరం లేచాక, మేత వేసే అరగంట ముందు పడక మందు చల్లండి. మోతాదు ప్యాకెట్టు మీద ఉన్నంతే.

7. జబ్బు పురుగును చేత్తో నలపొద్దు. పుల్లతో ఏరి బ్లీచింగ్, సున్నం నీళ్లున్న బేసిన్‌లో వేయండి. తర్వాత గుంటలో పూడ్చండి. కోళ్లకు వేయొద్దు, గట్టు మీద పారేయొద్దు. ఒక్క పురుగు పగిలితే పడే పాలల్లో లెక్కలేనన్ని గింజలుంటాయి.

*పరిశోధన ఎంతవరకు వచ్చింది?*

బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.పి. గోపీనాథన్ బృందం 1990ల్లో ఈ వైరస్‌నే బండిగా వాడుకుంది. మిణుగురు పురుగు వెలుగు జన్యువును వైరస్‌లో పెట్టి పట్టుపురుగు కణాల్లోకీ, పురుగుల్లోకీ పంపారు. అంతకు ముందు 1985లో జపాన్‌లో మాయెదా బృందం ఇదే వైరస్‌తో పట్టుపురుగు ఒంట్లో మనుషుల ఇంటర్‌ఫెరాన్ తయారుచేయించింది. కొవ్వు గోడ దాటే విద్యలో ఈ వైరస్‌కు ఉన్న నేర్పు అంతటిది. కరోనా టీకాల్లో ఒకటైన కోవోవాక్స్‌లోని ప్రోటీన్‌ను కూడా ఇదే కుటుంబపు వైరస్‌తో, మన మొక్కజొన్నను తినే కత్తెర పురుగు కణాల్లో తయారుచేస్తారు.

గుమ్మం దగ్గర ఆపలేకపోతే ఇంట్లో ఉచ్చు పెడదాం అన్నది ఇంకో ఆలోచన. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం, మన హిందూపురం దగ్గర కిరికెర పట్టు పరిశోధన సంస్థతో కలిసి, వైరస్ జన్యువుల నోరు నొక్కే ఏర్పాటును పురుగు జన్యువుల్లోనే పెట్టింది. 2007లో ఒక జన్యువు మీద, 2013లో ఒకేసారి చాలా జన్యువుల మీద చేసిన పని ప్రచురితమైంది. ఆ పురుగులు వైరస్‌ను బాగా తట్టుకున్నాయి. బెంగళూరు కొడతిలోని సెరి బయోటెక్ ల్యాబ్‌లో జన్యు మార్పిడి లేకుండా, తట్టుకునే గుణమున్న పురుగులను జన్యు గుర్తుల సాయంతో ఏరి సంకరం చేసే పని నడిచింది.

అలాంటి గుడ్లు ప్రతి చాకీ కేంద్రానికీ చేరిన రోజు మంచి రోజే. అప్పటిదాకా గింజ పెట్టె ఎక్కడ తెరుచుకుంటుందన్నది మన చేతిలో ఉంది. ఖాళీ షెడ్డులోనా, పురుగు కడుపులోనా?

వచ్చే బ్యాచ్‌కు గ్రూపులో ఒక చిన్న అలవాటు చేసుకుందాం. ఐదో దశలో పురుగు ఫొటో పెట్టే ముందు, చాకీ తెచ్చే ముందే షెడ్డుకు మందు కొట్టిన ఫొటో పెట్టండి. సున్నం ఎప్పుడు కొన్నారో, బ్లీచింగ్ ఏ నెలదో రెండు ముక్కలు రాయండి. సందేహం ఉంటే అప్పుడే అడగండి. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉంటుంది.